పరీక్షకు మూడు గంటలున్నాయి, ఆ పేపరు చూసుకోవడానికి గంట లేదా?

సంపాదకుడు గారికి,

నమస్కారం. వైద్య విద్య ప్రవేశ పరీక్ష నీట్‌ను మళ్ళీ రాసే పిల్లల కోసం ఏడాది పాటు నడిచే లాంగ్ టర్మ్ బ్యాచ్‌లు మొదలయ్యే రోజులివి. పెట్టె, పరుపు సర్దుకుని మళ్ళీ హాస్టళ్ళకు వెళ్తున్న పిల్లల గురించి మీ పత్రిక ద్వారా కొన్ని విషయాలు చెప్పాలనుకుంటున్నాను. ముఖ్యంగా మార్కులు ఒకచోట ఆగిపోయి, ఎంత చదివినా కదలని పిల్లల గురించి.

నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరయ్యాను. తెనాలిలో ఉంటాను. సాయంత్రం పూట మా వరండాలోకి నీట్ రాసే పిల్లలు వస్తుంటారు. నేను వాళ్ళకు పాఠం చెప్పను. పాఠాలు చెప్పేవాళ్ళు వాళ్ళకు చాలామంది ఉన్నారు. వాళ్ళు రాసిన టెస్టు పేపరు ముందు పెట్టుకుని ఒక్కో ప్రశ్న దగ్గర ఆగి, ఇక్కడ ఏమనుకున్నావమ్మా, ఈ ఆప్షన్ ఎందుకు పెట్టావు నాన్నా అని అడుగుతాను. నేను చేసేది అంతే. దానికే చాలామందికి మార్కులు కదులుతున్నాయి. ఈ పని కాలేజీల్లో ఎందుకు జరగడం లేదన్నదే ఈ ఉత్తరంలో నా ప్రశ్న.

మార్కులు బాగా తక్కువొచ్చే పిల్లలకు ఏం చెయ్యాలో అందరికీ తెలుసు. సిలబస్ పూర్తి చెయ్యాలి, పుస్తకం చదవాలి. ఆగిపోయిన పిల్లల సంగతి వేరు. మొత్తం 720 మార్కుల్లో 200 నుంచి 400 దాకా గబగబా వచ్చేస్తారు. తర్వాత ఒకరు 450 దగ్గర, ఒకరు 520 దగ్గర, ఇంకొకరు 600 దగ్గర నిలబడిపోతారు. పొద్దున అయిదింటికి లేస్తారు, రాత్రి పదకొండు దాకా కూర్చుంటారు, అయినా ఆదివారం వచ్చేసరికి అదే అంకె. పైన పది, కింద పది. రెండు నెలలు అలా గడిచాక పిల్లలు "నా బుర్ర ఇంతేనేమో మేడమ్" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది. పదిహేడేళ్ళ పిల్ల తన బుర్ర గురించి అంత గట్టిగా తీర్పు చెప్పేసుకోవడానికి ఆధారం ఏమిటి? వారం వారం ఫోన్‌లో వచ్చే ఒక మెసేజ్.

ఆ వారం ఎలా గడుస్తుందో చూడండి. ఆదివారం మూడు గంటల టెస్టు. సాయంత్రానికి సరైన జవాబుల కీ ఇస్తారు. రాత్రికి అమ్మానాన్నల ఫోన్లకు మార్కులు, ర్యాంకు వెళ్ళిపోతాయి. పొద్దున్నే ర్యాంకుల లిస్టు గోడ మీద ఉంటుంది. కొన్నిచోట్ల ఆ లిస్టును బట్టి సెక్షన్లు కూడా మారిపోతాయి, పరుపు ఎత్తుకుని వేరే గదికి వెళ్ళాలి. సోమవారం తొలి పీరియడ్‌కు కొత్త చాప్టర్ మొదలు. రాసిన పేపరు ట్రంకుపెట్టెలో అడుగుకు పోతుంది. పిల్ల కీ చూసి తప్పులు ఎన్నో లెక్కపెట్టుకుంటుంది గానీ, ఏ తప్పు ఎందుకు వచ్చిందో చూసుకునే సమయం ఆ టైంటేబుల్‌లో ఎక్కడా లేదు. తర్వాతి ఆదివారం ఆ తప్పులే వేరే ప్రశ్నల రూపంలో మళ్ళీ చేస్తుంది. థర్మామీటరు ఎన్నిసార్లు పెట్టినా జ్వరం తగ్గదు కదా. టెస్టుల సంఖ్య పెంచితే మార్కులు పెరుగుతాయని నమ్మే యాజమాన్యాలు ఈ ఒక్క సంగతి ఆలోచించాలి.

ఒక అమ్మాయి గురించి చెప్తాను. 2025 ఫిబ్రవరిలో, గ్రాండ్ టెస్టులు నడుస్తున్నప్పుడు, ఒక అట్టపెట్టె నిండా పేపర్లు వేసుకుని వాళ్ళ నాన్న బండి మీద వచ్చింది. ఆయనకు బస్టాండు వైపు చిన్న సైకిల్ షాపు ఉంది. పిల్ల డే స్కాలర్. మార్కులు 506, 518, 511, 520 అలా తిరుగుతున్నాయి. ఫిజిక్స్‌కు వేరే ట్యూషన్ పెట్టించాలా, బయాలజీకి ఇంకో మెటీరియల్ కొనాలా అని ఆయన ప్రశ్న. ఏమీ కొనవద్దు, ముందు ఈ 518 పేపరు తీయమ్మా అన్నాను.

లెక్క ఇలా ఉంది. మొత్తం 180 ప్రశ్నల్లో 138 ఒప్పు, 34 తప్పు, 8 వదిలేసింది. ఒప్పుకు నాలుగు, తప్పుకు మైనస్ ఒకటి. 552 లోంచి 34 పోతే 518. ఆ 34 తప్పులనూ ఒక్కొక్కటిగా పట్టుకున్నాం. అసలు చదవనివి, తెలియనివి తొమ్మిది. చదివి, తెలుసనుకుని, దగ్గరికొచ్చేసరికి తారుమారైనవి పదకొండు. ప్రశ్నను సరిగ్గా చదవక పోగొట్టుకున్నవి ఆరు. లెక్కలో, యూనిట్లలో పోయినవి అయిదు. చివరి పది నిమిషాల్లో కంగారుగా పెట్టేసినవి మూడు.

ఆ అంకెలు కాగితం మీద రాసేసరికి తండ్రి నిటారుగా కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళు తెలియని తొమ్మిది ప్రశ్నల కోసం పరుగు పెడుతున్నారు. చదవడంలో, లెక్కలో, కంగారులో పోయిన పద్నాలుగు ప్రశ్నలు పిల్లకు వచ్చినవే. తప్పు ఒప్పుగా మారితే పోయిన నాలుగూ వస్తాయి, నెగెటివ్‌గా పోయే ఒకటీ మిగులుతుంది, అంటే ప్రశ్నకు అయిదు. పద్నాలుగు అయిదులు డెబ్భై. కొత్తగా ఒక్క పేజీ చదవకుండా 588 దాకా దారి ఆ పేపరులోనే ఉంది. ఆ డెబ్భై అన్నీ ఎవరికీ ఒక్కసారే రావు, సగం వచ్చినా చాలు. కానీ ఏ కాలేజీ ర్యాంకుల లిస్టులోనూ ఈ సంగతి కనపడదు.

అన్నింటికంటే ముఖ్యమైనవి ఆ పదకొండు, చదివి తారుమారైనవి. ఆగిపోయిన పిల్లల మార్కులు ఎక్కువగా ఇరుక్కునేది అక్కడే. నా సబ్జెక్టులోంచే చెప్తాను. ఊపిరితిత్తుల ఘనపరిమాణాలు: టైడల్ వాల్యూమ్ 500 మిల్లీలీటర్లు, ఇన్‌స్పిరేటరీ రిజర్వ్ 2500 నుంచి 3000, ఎక్స్‌పిరేటరీ రిజర్వ్ 1000 నుంచి 1100, రెసిడ్యువల్ 1100 నుంచి 1200. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ పేజీ ఈ పిల్లకు కళ్ళు మూసుకున్నా కనిపిస్తుంది, మూడు రంగుల హైలైటర్‌తో గీసింది. ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ అంటే ఏవేవి కలపాలి అని అడిగితే మాత్రం వైటల్ కెపాసిటీ చెప్పింది. ఎక్స్‌పిరేటరీ రిజర్వ్, రెసిడ్యువల్ కలిపితే ఫంక్షనల్ రెసిడ్యువల్ కెపాసిటీ. టైడల్, రెండు రిజర్వులు కలిపితే వైటల్ కెపాసిటీ. పేజీ చూస్తుంటే రెండూ తెలుసనిపిస్తాయి, పుస్తకం మూయగానే ఒకదాన్నొకటి మింగేస్తాయి. ఒకే పేపరులో మూత్రపిండం నుంచి వచ్చే రెనిన్‌నూ, పసిపిల్లల పొట్టలో పాలను జీర్ణం చేసే రెన్నిన్‌నూ కలిపేసింది. ఆ తప్పు నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లోనూ ఉంది, ఇప్పుడూ ఉంది.

ఇలాంటి చోట మళ్ళీ చదవడం పనికిరాదు. చదివినకొద్దీ పేజీతో పరిచయం పెరుగుతుంది, ఆ పరిచయాన్నే పిల్లలు రావడం అనుకుంటారు. అమెరికాలో రోడిజర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2006లో ప్రచురించిన పరిశోధనలో దీన్ని తేటగా చూపించారు. ఒక పాఠాన్ని కొందరు విద్యార్థులు మళ్ళీ మళ్ళీ చదివారు, కొందరు ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే, మూసి రాసినవాళ్ళకు చాలా ఎక్కువ గుర్తుంది. మన పిల్లలకు కావలసింది వారం తర్వాతదీ, ఆరు నెలల తర్వాతదీ. అందుకే ఆ పిల్లకు హైలైటర్లు పక్కన పెట్టించి, తెల్ల కాగితం మీద ఆ నాలుగు ఘనపరిమాణాలూ, వాటితో వచ్చే కెపాసిటీలూ ఏమీ చూడకుండా రాయమన్నాను. మూడు రోజుల తర్వాత ఒకసారి, వారం తర్వాత ఒకసారి, మూడు వారాల తర్వాత ఇంకోసారి. రాయలేకపోయిన చోటే పుస్తకం తెరవాలి.

దాంతో పాటు ఒక తప్పుల నోటుబుక్కు. ఇది చాలామంది పెడతారు, కానీ అందులో సరైన జవాబు, దాని వివరణ ఎక్కించి వదిలేస్తారు. అది ఇంకో మెటీరియల్ అవుతుంది తప్ప ఉపయోగం లేదు. నేను రాయించేది రెండే వాక్యాలు: ఆ నిమిషంలో నేను ఏమనుకున్నాను, ఎక్కడ పక్కకు పోయాను. "సరికానిది ఏది అని అడిగారు, మొదటి వాక్యం కరెక్టుగా ఉంది కదా అని అదే పెట్టేశాను." "కటకం నాభ్యంతరం 25 సెంటీమీటర్లు, మీటర్లలోకి మార్చలేదు, పవర్ 4 డయాప్టర్లకు బదులు 0.04 వచ్చింది, ఆ ఆప్షన్ కూడా ఉంది కాబట్టి అనుమానం రాలేదు." ఇలా పది పేజీలు నిండేసరికి పిల్లలకు తమ తప్పుల పోకడ తెలిసిపోతుంది. సిల్లీ మిస్టేక్ అనే మాట మా వరండాలో ఎవరినీ అననివ్వను. ప్రతి వారం అయిదారు వచ్చే తప్పు సిల్లీ ఎలా అవుతుంది? దానికి కారణం ఉంది, మందు ఉంది.

చదవడంలో పోయే ప్రశ్నలకు మందు చాలా చిన్నది. "సరికానిది", "తప్ప", "కానిది" అన్న మాట కనపడగానే దాని కింద పెన్నుతో గీత గీయాలి. జతపరచండి ప్రశ్నల్లో ముందుగా గట్టిగా తెలిసిన జత ఒకటి పట్టుకుని, దానికి సరిపడని ఆప్షన్లు కొట్టేయాలి. తెలుగు మీడియం పిల్లలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. నీట్ తెలుగులో కూడా రాయవచ్చు, పేపరులో తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఉంటాయి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రమాణం. కాబట్టి తెలుగులో చదివి ఏదైనా వాక్యం తికమకగా అనిపిస్తే వెంటనే పక్కన ఇంగ్లీషు చూడాలి. ఇది పల్లెటూళ్ళ నుంచి వచ్చే పిల్లల్లో చాలామందికి ఎవరూ చెప్పడం లేదు.

మొత్తం మార్కులు ఆగిపోయాయంటే లోపల ఏమీ కదలడం లేదని కాదు. ఒక అబ్బాయికి రెండు నెలలుగా మొత్తం ఒకేలా ఉంది. సబ్జెక్టుల వారీగా విడదీసి రాయిస్తే బయాలజీ 280 నుంచి 310కి వచ్చింది, ఫిజిక్స్ అంతే తగ్గింది. పిల్లవాడు తనకు ఇష్టమైన హ్యూమన్ ఫిజియాలజీని మళ్ళీ మళ్ళీ చదువుతూ రొటేషనల్ మోషన్ వైపు వెళ్ళడమే మానేశాడు. వచ్చిన చాప్టర్ చదివితే మనసుకు హాయిగా ఉంటుంది, రోజంతా చదివానన్న తృప్తి కూడా ఉంటుంది. మార్కులు మాత్రం తప్పించుకు తిరుగుతున్న చాప్టర్లలో ఉంటాయి. అతనితో రోజూ మొదటి గంట ఫిజిక్స్‌కు ఇప్పించాను, అలసిపోయాక కాదు, పొద్దున్నే.

ఇంకో అలవాటు మన రెండు రాష్ట్రాల పిల్లల్లో ఎక్కువ. ఇంజనీరింగ్, వ్యవసాయ, ఫార్మసీ కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో నెగెటివ్ మార్కులు లేవు, 160 ప్రశ్నలూ నింపి రావాల్సిందే. ఆ చేత్తోనే నీట్ ఓఎంఆర్ జవాబు పత్రం కూడా ఖాళీ లేకుండా నింపేస్తారు. లెక్క వేసుకుంటే, ఏమీ తెలియని నాలుగు ప్రశ్నలు గుడ్డిగా పెడితే సగటున ఒకటి తగిలి నాలుగు వస్తాయి, మూడు పోయి మూడు తగ్గుతాయి, మిగిలేది ఒక్క మార్కు. అది కూడా నిజంగా గుడ్డిగా పెడితే. పేపరు తయారు చేసేవాళ్ళు తెలిసీ తెలియని పిల్లలకు ఏ జవాబు నచ్చుతుందో ఊహించి ఆ ఆప్షన్ పెడతారు కాబట్టి ఆ ఒక్క మార్కూ దక్కదు. రెండు ఆప్షన్లు కచ్చితంగా కొట్టేయగలిగితే సంగతి మారుతుంది. అలాంటి ప్రశ్నలు రెండు పెడితే సగటున మూడు మార్కులు మిగులుతాయి. కాబట్టి రెండు కొట్టేయగలిగితేనే పెట్టు, లేకపోతే వదిలెయ్ అని చెప్తాను. భయపడి వదిలేసేవాళ్ళకు కూడా అదే లెక్క ధైర్యమిస్తుంది.

సమయం గురించి. 2021 నుంచి 2024 వరకు నీట్‌లో ప్రతి సబ్జెక్టులోనూ కొన్ని ప్రశ్నలు వదిలేసుకునే వీలుండేది. 2025 నుంచి ఆ ఛాయిస్ లేదు, 180 ప్రశ్నలకు 180 నిమిషాలు. బయాలజీ 90 ప్రశ్నలు యాభై నిమిషాల్లో ముగించే పిల్లలకు ఫిజిక్స్, కెమిస్ట్రీలకు నూటముప్పై నిమిషాలుంటాయి. బయాలజీకే గంటంబావు తీసుకునేవాళ్ళు చివర్లో లెక్కలు చేయకుండా ఊహించడం మొదలుపెడతారు, వాళ్ళకు ఫిజిక్స్ రాదనుకుంటారు. ఫిజిక్స్ రాకకాదు, బయాలజీ నెమ్మది. ఇది కూడా పేపరు పక్కన నిమిషాలు రాసుకుంటేనే బయటపడుతుంది. పరీక్ష మధ్యాహ్నం రెండింటి నుంచి అయిదింటి దాకా జరుగుతుంది. చాలాచోట్ల టెస్టులు పొద్దున పెడతారు. మధ్యాహ్నం భోంచేశాక పుస్తకం ముందు కునికే పిల్లకు అదే సమయంలో మూడు గంటలు ఏకాగ్రతతో ఉండటం అలవాటు కావాలంటే, చివరి రెండు నెలలైనా మాక్ టెస్టులు రెండింటికే మొదలవ్వాలి. అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టి నిద్ర తగ్గించడం వల్ల ఎక్కువ పోయేవి చదవడంలో, లెక్కలో జరిగే తప్పులేనని నా అనుభవం.

ఈ ఆగిపోవడం మన పిల్లలకు కొత్తగా వచ్చిన జబ్బు కాదు. మా నాన్నగారు తంతి తపాలా శాఖలో టెలిగ్రాఫిస్టుగా చేశారు. కొత్తగా చేరినవాళ్ళకు మోర్స్ కోడ్ నేర్పేటప్పుడు మొదట్లో ఒక్కో అక్షరం వింటారని, కొన్నాళ్ళు వేగం అస్సలు పెరగదని, ఆ తర్వాత ఒకరోజు అక్షరాలు కాకుండా మాటలే వినపడటం మొదలవుతుందని చెప్పేవారు. ఆయనకు తెలియదు గానీ, సరిగ్గా ఇదే విషయాన్ని 1897లో అమెరికాలో బ్రయన్, హార్టర్ అనే ఇద్దరు కొలిచి ప్రచురించారు. టెలిగ్రాఫ్ నేర్చుకునేవాళ్ళను వారం వారం పరీక్షించి గ్రాఫు గీస్తే, సందేశం పంపే వేగం క్రమంగా పెరిగింది, అందుకునే వేగం మాత్రం కొంత పెరిగి, వారాల తరబడి అడ్డంగా సాగి, మళ్ళీ పైకి లేచింది. ఆ అడ్డంగా ఉన్న కాలంలో అక్షరాలు చేతికి, చెవికి అలవాటై మాటలుగా కూడుకుంటున్నాయని వాళ్ళు వివరించారు. తర్వాత వచ్చిన పరిశోధకులు అసలు అందరికీ ఆ మధ్యలో ఆగడం రావాలని లేదని, నేర్పే పద్ధతిని బట్టి ఉంటుందని వాదించారు. పిల్లలకు రెండూ చెప్తాను. మార్కులు కదలని నెలలో కూడా లోపల పని జరుగుతూ ఉండవచ్చు. పద్ధతి మార్చకుండా అక్కడే ఏడాది కూర్చోవాలని మాత్రం ఎక్కడా రాసిపెట్టి లేదు.

అలాగే ఒక్క టెస్టు మార్కులు చూసి గుండె జారిపోకూడదు. ఒక పేపరు కష్టంగా, ఒకటి సులువుగా వస్తుంది, పాతిక మార్కుల తేడా పిల్ల వల్ల కాకుండా పేపరు వల్లే రావచ్చు. దేశమంతా ఇది చూసింది. 2024లో తొలి ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి. 2025లో ఫిజిక్స్ కఠినంగా రావడంతో దేశంలో మొదటి ర్యాంకే 686. జనరల్ కేటగిరీ అర్హత మార్కు 162 నుంచి 144కి దిగింది. పిల్లలు ఒక్క ఏడాదిలో తెలివి తగ్గిపోయారా? నాలుగైదు టెస్టుల సగటు చూడాలి, అందులోనూ మార్కుల కంటే తప్పుల రకాలు ఎలా మారుతున్నాయో చూడాలి.

ఆ సైకిల్ షాపు పిల్లకు మార్కులు వెంటనే పెరగలేదు. గుడ్డిగా పెట్టడం మానేసి, ప్రశ్న నెమ్మదిగా చదవడం మొదలుపెట్టాక రెండు టెస్టుల్లో కాస్త తగ్గాయి, వాళ్ళమ్మ కంగారుపడి ఫోన్ చేసింది. చదవడంలో పోయే ప్రశ్నలు ఆరు నుంచి రెండుకు వచ్చాయి పిన్నిగారూ, ఓపిక పట్టండి అని చెప్పాను. మార్చి చివరికి 560లు, ఏప్రిల్లో 580 దాటింది. అసలు పరీక్షలో ఫిజిక్స్ కష్టం కాబట్టి మాక్ టెస్టుల కంటే తక్కువే వచ్చాయి, ర్యాంకు మాత్రం అంతకుముందు ఏడాది కంటే ఎంతో పైకి వచ్చింది. కన్వీనర్ కోటాలో సీటు వచ్చింది. ఆ పిల్ల డే స్కాలర్ కాబట్టి సాయంత్రం పేపరు పట్టుకుని రాగలిగింది. హాస్టల్లో ఉన్న పిల్ల ఎవరి వరండాకు వెళ్ళగలదు?

అందుకే ఇది పిల్లల చేతిలో మాత్రమే ఉన్న విషయం కాదంటున్నాను. కేంద్ర విద్యాశాఖ 2024 జనవరిలో కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో వారానికి ఒక సెలవు ఉండాలని, సెలవు మర్నాడు టెస్టు పెట్టకూడదని, రోజుకు అయిదు గంటలకు మించి తరగతులు ఉండకూడదని ఉంది. ఇంకొక ముఖ్యమైన మాట కూడా ఉంది: టెస్టు ఫలితాలు బయటపెట్టకూడదు, వాటిని గోప్యంగా ఉంచి పిల్లల చదువు ఎలా సాగుతోందో విశ్లేషించడానికి వాడాలి. అంటే గోడ మీద లిస్టు తప్పు, పేపరు ముందు పెట్టుకుని కూర్చోవడం ఒప్పు అని ప్రభుత్వమే చెప్పింది.

2025 జులైలో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసు అది. దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ మార్గదర్శకాలు ఇస్తూ, మార్కులను బట్టి పిల్లలను బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం, వాళ్ళ శక్తికి మించిన లక్ష్యాలు పెట్టడం సాధ్యమైనంత వరకు మానుకోవాలని కోర్టు చెప్పింది. మన రాష్ట్రంలో జరిగిన విషాదం మీద వచ్చిన తీర్పు అది. మన కాలేజీల నోటీసు బోర్డుల మీదనైనా అది ముందుగా అమలు కావద్దా?

నేను అడిగేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. టెస్టు జరిగిన మర్నాడు ఉదయం మూడు గంటలు కొత్త పాఠం ఆపి, పిల్లలకు వాళ్ళ పేపరు, వాళ్ళ ఓఎంఆర్ నకలు చేతికివ్వాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బోటనీ, జువాలజీ లెక్చరర్లు ఆ గదుల్లోనే తిరుగుతూ ఉండాలి, బోర్డు మీద పేపరంతా సాల్వ్ చేయడానికి కాదు, ఒక్కో పిల్ల దగ్గర ఆగి ఇక్కడ ఏమనుకున్నావు అని అడగడానికి. ఇది బోర్డు మీద అందరికీ కలిపి చేస్తే రాదు. ఒకే ప్రశ్నను నలుగురు పిల్లలు నాలుగు కారణాలతో తప్పు పెడతారు. దీనికి వారానికి రెండు టెస్టులు పెట్టే కాలేజీలు ఒకటే పెట్టాల్సి వస్తుంది. పెట్టండి. ఏడాదికి రాసే టెస్టులు సగమైనా, చూసుకున్న పేపర్లు ఎక్కువైతే పిల్లలకు లాభమే. జూనియర్ కాలేజీల్లోనే ఈ కోచింగ్ నడుస్తోంది కాబట్టి రెండు రాష్ట్రాల ఇంటర్ బోర్డులూ తనిఖీలకు వెళ్ళినప్పుడు బెంచీలు, లేబొరేటరీలతో పాటు వారం టైంటేబుల్ తీయించి ఈ మూడు గంటలు ఉన్నాయో లేవో చూడాలి.

తల్లిదండ్రులకు కూడా ఒక విన్నపం. ఔటింగ్ రోజున గేటు దగ్గర కలిసినప్పుడు, ఫోన్ ఇచ్చే రోజున మాట్లాడినప్పుడు, మార్కులు ఎన్ని, ర్యాంకు ఎంత అనే మాటతో మొదలుపెట్టకండి. ఆ అంకె మీ ఫోన్‌లో ముందే ఉంది. ఈ వారం ఏ ప్రశ్న పోయింది, ఎందుకు పోయింది, దాన్ని మళ్ళీ చేశావా అని అడగండి. మీకు ఫిజిక్స్ రానక్కర్లేదు. ఆ సైకిల్ షాపు తండ్రి ఏడో తరగతి దాకా చదివాడు. రోజూ రాత్రి షాపు కట్టేసి వచ్చి, కూతురి తప్పుల నోటుబుక్కులోంచి ఒక పేజీ తీసి చదివి వినిపించమనేవాడు. వివరించలేకపోతే ఆ పిల్లకే తెలిసిపోయేది, ఇంకా రాలేదని.

సంపాదకుడు గారూ, మీ పత్రిక చదువుల పేజీలో వారం వారం బిట్ బ్యాంకులు వేస్తున్నారు, పల్లెల్లో పిల్లలు కత్తిరించి దాచుకుంటారు. వాటిలో సగం చోటు తప్పు జవాబులకు ఇవ్వండి. ఒక ప్రశ్న ఇచ్చి, పిల్లలు ఎక్కువగా పెట్టే తప్పు ఆప్షన్ ఏది, అది ఎందుకు ఒప్పులా కనిపిస్తుంది అని అనుభవమున్న లెక్చరర్లతో రాయించండి. జువాలజీ వరకు నేను రాసి పంపుతాను, డబ్బు అక్కర్లేదు. బ్యాచ్‌లు మొదలై టైంటేబుల్ ఖరారయ్యే లోపే యాజమాన్యాలు, ఇంటర్ బోర్డు అధికారులు ఈ విషయం మీద ఏమంటారో కూడా అడిగి ప్రచురించమని కోరుతున్నాను.

ఇట్లు,
రిటైర్డ్ జువాలజీ లెక్చరర్,
తెనాలి